చెన్నైలో మా మామయ్యకు అందిన కిడ్నీ వైద్యం, గుండె సంరక్షణ: ఒక సమీక్ష

గత వేసవిలో మా మేనమామను చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 11 రోజులు ఉంచవలసి వచ్చింది. పూందమల్లి హైరోడ్డు పరిసరాల్లో ఉన్న మధ్యస్థాయి ఆసుపత్రి అది. హఠాత్తుగా కిడ్నీలు దెబ్బతిన్నాయని చేర్చాము, అయితే చేర్చిన మొదటి గంటలో వైద్యులు పోరాడింది ఆయన గుండెను నిలబెట్టడానికి. కిడ్నీ ఆగితే గుండె ఎందుకు తడబడుతుందో, ఒక ఆసుపత్రి ఆ సంబంధాన్ని ఎంత బాగా పట్టుకోగలదో, ఎక్కడ వదిలేయగలదో ఆ 11 రోజుల్లో దగ్గర నుంచి చూశాను. అందుకే గదుల శుభ్రత, పార్కింగు వంటి విషయాలను పెద్దగా పట్టించుకోకుండా, ఈ ఒక్క విషయంలో వారి సేవ ఎలా ఉందో వివరంగా రాస్తున్నాను. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది. దాన్ని ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇచ్చాను కనుక ఇక్కడ వారి పేరు రాయడం లేదు.

మామయ్యది సూళ్లూరుపేట. వయసు 62, కిరాణా దుకాణం నడుపుతారు. పన్నెండేళ్లుగా రక్తపోటుకు టెల్మిసార్టాన్ వాడుతున్నారు, అదే మాత్రలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మరో మందు కూడా కలిసి ఉంది. మోకాళ్ల నొప్పికి డాక్టరును అడగకుండా మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొనుక్కుని, నొప్పి ఎక్కువైన రోజున రెండేసి వేసుకునేవారు. మే నెలలో ఒక పెళ్లికి వెళ్లి వచ్చాక వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ మూడు రోజులూ కూడా రక్తపోటు మాత్ర, నొప్పి మాత్ర మానలేదు, ఎందుకంటే బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదని ఆయనకు ఎవరో ఎప్పుడో గట్టిగా చెప్పి ఉన్నారు. మాట మంచిదే. కానీ ఒంట్లో నీరంతా పోతున్నప్పుడు అదే మాత్ర కిడ్నీ మీద ఎలా పని చేస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కిడ్నీలోని వడపోత సరిగా జరగాలంటే రక్తం తగినంత ఒత్తిడితో లోపలికి రావాలి. నీరు తగ్గి రక్తప్రవాహం పడిపోయినప్పుడు లోపలికి వచ్చే సన్నని రక్తనాళం విచ్చుకుని, బయటకు పోయే నాళం బిగుసుకుని ఆ ఒత్తిడిని కాపాడతాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర ఆ మొదటి నాళాన్ని విచ్చుకోనివ్వదు, టెల్మిసార్టాన్ రెండో నాళాన్ని బిగుసుకోనివ్వదు, మూత్రం పోయించే మందు ఉన్న నీటిని కూడా తోడేస్తుంది. ఇవి మూడూ విరేచనాలతో కలిసినప్పుడు ఆరోగ్యమైన కిడ్నీ కూడా రెండు మూడు రోజుల్లో చతికిలబడవచ్చు. ఈ సంగతి మాకు చేరిన రెండో రోజున కిడ్నీ డాక్టరు గారు కాగితం మీద గొట్టాల బొమ్మ గీసి చెప్పారు.

ఊళ్లో చూపించిన చోట సెలైన్ పెట్టారు. మొదటి రోజున అది అవసరమే. అయితే మూడో రోజుకు మూత్రం దాదాపు ఆగిపోయిన తరువాత కూడా, ఎంత మూత్రం వచ్చిందని ఒక్కసారైనా అడగకుండా, బాటిలు తరువాత బాటిలు ఎక్కిస్తూనే ఉన్నారు. బయటకు పోయే దారి మూసుకున్నప్పుడు ఆ నీరంతా రక్తనాళాల్లో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది, దాన్ని మోయవలసిన పని గుండె మీద పడుతుంది. నాలుగో రోజు సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసి, ‘‘అబ్బయా, మీ మామకు కాళ్లలో సత్తువ లేదంటున్నాడు, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు’’ అన్నారు. తడ, గుమ్మిడిపూండి, రెడ్ హిల్స్ మీదుగా కారులో తీసుకువచ్చేసరికి రాత్రి 10.40 అయింది.

ఇక్కడి నుంచి ఆసుపత్రి పని మొదలవుతుంది, వారి అత్యవసర విభాగాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసింది కూడా ఇక్కడే. చక్రాల కుర్చీలో నుంచి మంచం మీదకు మార్చిన అయిదు నిమిషాలలోపే నర్సు ఈసీజీ తీశారు. విరేచనాలు, మూత్రం రావడం లేదు అన్న రెండు మాటలు నా నోట విన్న వెంటనే ఆమె మరో ప్రశ్న వేయకుండా ఆ యంత్రాన్ని లాక్కొచ్చారు. నాడి నిమిషానికి 44. ఈసీజీ కాగితం మీద ఒక్కో స్పందన చివర గుడారంలా నిటారుగా లేచిన గీతలు, వెడల్పుగా సాగిపోయిన మధ్య గీతలు ఉన్నాయి. డ్యూటీ డాక్టరు ఆ కాగితం చూసి, రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా, కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ తెమ్మన్నారు.

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. మనం తినే పండ్లు, కూరలు, పప్పుల నుంచి రోజూ వచ్చే పొటాషియంలో ఎక్కువ భాగాన్ని బయటకు పంపేది కిడ్నీలే. అవి ఆగితే పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. గుండె కండరంలో ప్రతి కణమూ లోపలి పొటాషియానికీ బయటి పొటాషియానికీ ఉన్న తేడాను ఆధారం చేసుకునే విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ తేడా తగ్గిపోతే మొదట ఈసీజీ గీతల ఆకారం మారుతుంది, తరువాత స్పందన నెమ్మదిస్తుంది, ఆపైన ఏ క్షణంలోనైనా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. నొప్పి ఉండదు, ముందుగా హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు. మామయ్య కాళ్లలో సత్తువ లేదని అన్నది కూడా ఈ పొటాషియం వల్లనేనని తరువాత తెలిసింది, గుండె కండరంలాగే కాలి కండరం కూడా దానికి లొంగిపోతుంది.

కాల్షియం పొటాషియాన్ని ఏమాత్రం తగ్గించదు. గుండె కణాల పొరను స్థిరపరచి, మిగిలిన మందులు పని చేసేదాకా కొంత వ్యవధి సంపాదించి పెడుతుంది. మానిటర్ మీద కళ్లు పెట్టి ఆ డాక్టరు మెల్లగా ఇంజెక్షన్ ఇస్తుండగా, వెడల్పుగా ఉన్న గీతలు సన్నబడటం నేను నా కళ్లతో చూశాను. ఆ కొన్ని నిమిషాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. ఆ ప్రభావం అరగంట, మహా అయితే గంట ఉంటుందని, ఈలోగా పొటాషియాన్ని రక్తంలో నుంచి కణాల్లోకి తోయాలని చెప్పి, గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇచ్చారు, సాల్బుటమాల్ ఆవిరి పట్టించారు. ఇంతలో అత్యవసర విభాగంలోనే ఉన్న రక్తవాయువుల యంత్రం ఫలితం చూపించింది: పొటాషియం 7.1, రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరిగి పీహెచ్ 7.16. కిడ్నీలు వడపోయలేనప్పుడు రక్తంలో పేరుకునే క్రియాటినిన్ అనే వ్యర్థం 6.8 అని ల్యాబు నుంచి వచ్చింది. నా ఫోనులో భద్రంగా ఉన్న పోయిన సంవత్సరపు రిపోర్టులో అది 1.1. ఆ పాత రిపోర్టు చూపించగానే డాక్టరు ముఖంలో కొంత తేలిక కనిపించింది, ఎందుకంటే ఇది పాత జబ్బు కాదని, కొత్తగా తగిలిన దెబ్బ కనుక కోలుకునే అవకాశం ఉందని దాని అర్థం.

ఆ రాత్రి వారు చేసిన ఒక చిన్న పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇన్సులిన్ ఇచ్చిన తరువాత గంటగంటకూ వేలి కొసన రక్తం తీసి చక్కెర చూశారు. మామయ్యకు మధుమేహం లేదు కదా అని అడిగితే, ఒంట్లోని ఇన్సులిన్‌ను వదిలించే పనిలో కిడ్నీలకు కూడా వంతు ఉంటుందని, అవి పని చేయనప్పుడు ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి చక్కెర పడిపోవచ్చని నర్సు ఓపికగా చెప్పారు. తెల్లవారుజామున 3 గంటలకు నిజంగానే చక్కెర 62కు పడింది, వెంటనే గ్లూకోజు ఎక్కించారు. ఎవరూ అడగకపోయినా చేసిన ఇటువంటి జాగ్రత్తను బట్టే ఒక విభాగంలో శిక్షణ ఎలా ఉందో తెలుస్తుంది. డిపాజిట్ గురించి బిల్లింగ్ కౌంటర్ వారు అడిగింది డయాలసిస్ మొదలైన తరువాతే.

కిడ్నీ డాక్టరు అర్ధరాత్రి దాటాక వచ్చారు. మెడ పక్కన గొట్టం వేసి, రెండు గంటలకు ఐసీయూలోనే డయాలసిస్ మొదలుపెట్టారు. మొదటి విడతను కావాలనే నెమ్మదిగా, తక్కువసేపు చేశారు. నాకు అప్పుడు అర్థం కాలేదు; అంత విషం పేరుకున్నప్పుడు ఎంత త్వరగా శుభ్రం చేస్తే అంత మంచిది కదా అనిపించింది. రక్తంలోని యూరియా ఒక్కసారిగా తగ్గితే మెదడులోకి నీరు చేరే ప్రమాదం ఉంటుందని, పొటాషియం మరీ వేగంగా పడిపోయినా గుండె లయ తప్పుతుందని, ఒంట్లోని నీటిని వేగంగా లాగితే రక్తపోటు పడిపోయి ఇప్పటికే నీరసించిన గుండె కండరానికి రక్తం చాలదని వారు చెప్పారు. కిడ్నీ చేయవలసిన పనిని యంత్రం చేస్తున్నప్పుడు కూడా ఆ యంత్రం వేగాన్ని గుండె తట్టుకోగలదా అని చూసుకోవాలన్నమాట. రెండో విడతలో రక్తపోటు 90కి దిగింది. పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్న టెక్నీషియన్ అమ్మాయి వెంటనే నీరు లాగడం ఆపి, కాళ్ల వైపు మంచాన్ని ఎత్తి, డాక్టరును పిలిచారు. నాలుగు గంటలసేపు ఆమె ఫోను వైపు చూడలేదు. మూడు విడతల్లో మొత్తం మూడున్నర లీటర్ల నీరు తీశారు, ఆ తరువాత మామయ్య దిండు ఎత్తు తగ్గించుకుని పడుకోగలిగారు.

రెండో రోజున గుండె డాక్టరు వచ్చి ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష, తీశారు. గుండె ప్రతి స్పందనకూ ఎడమ గదిలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటకు తోస్తుందో చెప్పే సంఖ్య 40కి పడిపోయి ఉంది. రెండేళ్ల క్రితం దుకాణం ఎదురుగా జరిగిన వైద్య శిబిరంలో తీసిన ఎకోలో అది 60. అత్తయ్య కంగారుగా, ‘‘కిడ్నీకని వచ్చాం, గుండె కూడా పోయిందా?’’ అని అడిగారు. ఆ ప్రశ్నకు ఇద్దరు డాక్టర్లూ కలిసి, ఐసీయూ బయట చిన్న గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, సుమారు ఇరవై అయిదు నిమిషాలు సమాధానం చెప్పారు. నేను చెన్నైలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, ఇంట్లో పెద్దవాళ్లను చాలా ఆసుపత్రులకు తిప్పాను. రెండు విభాగాల డాక్టర్లు ఒకే సమయంలో, ఒకే బల్ల దగ్గర కూర్చుని కుటుంబంతో మాట్లాడటం ఇదే మొదటిసారి చూశాను.

వారు చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తున్నాను. గుండె పంపే రక్తంలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కిడ్నీలకే వెళుతుంది. అంత దగ్గరి సంబంధం ఉన్న అవయవాల్లో ఒకటి పడిపోతే రెండోది నిలకడగా ఉండలేదు. గుండె నీరసిస్తే కిడ్నీ దెబ్బతినడం వైద్యులకు చాలాకాలంగా తెలుసు. దానికి ఎదురు దారి, అంటే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిని గుండెను దెబ్బతీయడం కూడా ఉందని, దానికి వేరే పేరు పెట్టి వేరుగా చూడాలని ఇటలీకి చెందిన కిడ్నీ వైద్యుడు క్లాడియో రోంకో, ఆయన సహచరులు 2008లో ప్రతిపాదించారు. గుండె, కిడ్నీల జంట జబ్బులను వారు అయిదు రకాలుగా విభజించారు, మామయ్యది అందులో మూడో రకం. పొటాషియం, ఆమ్లం, నీరు అనే మూడు దెబ్బలు గంటల్లో కనిపిస్తాయి. ఆమ్లం పెరిగితే గుండె కండరం బిగువుగా ముడుచుకోలేదు, గుండె బలాన్ని పెంచే మందులకు కూడా సరిగా స్పందించదు. యూరియా వంటి వ్యర్థాలు బాగా పేరుకుంటే గుండె చుట్టూ ఉన్న పొర వాచి, అక్కడ నీరు చేరవచ్చు. అందుకే గుండె డాక్టరు రోజూ స్టెతస్కోపుతో ఆ పొర రాసుకునే శబ్దం వినిపిస్తుందేమోనని విన్నారు.

వీటికి తోడు పైకి కనిపించని దెబ్బ మరొకటి ఉంది. గాయపడిన కిడ్నీ నుంచి వాపును రేపే రసాయనాలు రక్తంలోకి వెలువడతాయి, ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, రక్తనాళాలను బిగించే వ్యవస్థ పూర్తిగా మేల్కొంటుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కిడ్నీకి మాత్రమే కొద్దిసేపు రక్తం ఆపినా, ఒకటి రెండు రోజుల్లో గుండె కణాలు చనిపోవడం, ఎడమ గది సాగిపోవడం కనిపించాయి. గుండెను ఎవరూ ముట్టుకోలేదు, అయినా దెబ్బ దానిదాకా వచ్చింది. ఈ మాట విన్నప్పుడు మామయ్య ఎకోలోని 40కి కొంత అర్థం దొరికింది.

అప్పుడే వారు తీసుకున్న ఒక నిర్ణయం వల్ల ఈ ఆసుపత్రి మీద నాకు గౌరవం పెరిగింది. గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ అనే పరీక్ష మామయ్యకు కొద్దిగా ఎక్కువగా వచ్చింది. ఎకో కూడా తగ్గి ఉంది కనుక వెంటనే యాంజియోగ్రామ్‌కు తీసుకువెళ్లి ఉంటే మేము అభ్యంతరం చెప్పేవాళ్లం కాదు, భయంలో ఉన్న కుటుంబం దేనికైనా సంతకం పెడుతుంది. అయితే యాంజియోగ్రామ్‌లో వాడే రంగు మందు కిడ్నీలకు మరో దెబ్బ కావచ్చు. గుండెపోటులో ట్రోపోనిన్ గంటల వ్యవధిలో పెరిగి, ఆ తరువాత కొన్ని రోజుల్లో తగ్గుతుందని, మామయ్యకు మూడుసార్లు తీసినా దాదాపు ఒకేచోట నిలిచి ఉందని, పొటాషియం దిగిన తరువాత ఈసీజీ మామూలుగా మారిందని, ఛాతీనొప్పి లేదని, కాబట్టి ఆగి చూడటమే మేలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎందుకు ఆగుతున్నారో, ఏ మార్పు కనిపిస్తే ఆగరో కూడా కేసు షీటులో రాశారు. చేయగలిగిన పరీక్షను చేయకుండా ఆగడానికి తెలివీ ధైర్యమూ రెండూ కావాలి.

ఐసీయూ నర్సుల గురించి ఒక్క మాట. గంటగంటకూ మూత్రం కొలిచి రాశారు. అయిదో రోజున అది గంటకు 30 మిల్లీలీటర్లు దాటినప్పుడు, కేరళ నుంచి వచ్చిన ఒక నర్సు ఆ సంఖ్యను మాకు సంతోషంగా చూపించారు. ఏడో రోజుకు రోజుకు మూడు లీటర్ల దాకా రావడం మొదలైంది. కిడ్నీ తిరిగి పనిలోకి వచ్చింది కదా అని మేము ఊరట పడ్డాము, కానీ వారు నిఘా సడలించలేదు. కోలుకుంటున్న కిడ్నీ మూత్రాన్ని వదులుతుంది కానీ లవణాలను సరిగా పట్టి ఉంచలేదు. ఎనిమిదో రోజున పొటాషియం 3.2కు పడిపోయింది. మొదటి రాత్రి ఎక్కువై భయపెట్టిన పొటాషియం ఇప్పుడు తక్కువై భయపెట్టింది, గుండె లయ తప్పడానికి అది కూడా కారణం కాగలదు. పోయిన మూత్రాన్ని బట్టి నీరు, పొటాషియం తిరిగి అందించారు.

భోజనం విషయంలో లోటు ఉంది. నాలుగో రోజున, పొటాషియం ఇంకా అదుపులోకి రాకముందే, ట్రేలో అరటిపండు, టమాటా సూపు పంపారు. కిడ్నీ రోగి అని మంచం దగ్గర రాసి ఉన్నా వంటగదికి ఆ మాట చేరలేదు. నర్సు ఆపారు, ఆహార నిపుణురాలు వచ్చి క్షమాపణ చెప్పారు, ఆ తరువాత మళ్లీ అలా జరగలేదు. ఇందులో మా వైపు తప్పు కూడా ఉంది: పరామర్శకు వచ్చిన బంధువులు ప్రేమతో గేటు దగ్గర కొబ్బరి బొండాలు కొని తెచ్చారు. విరేచనాలతో నీరసించిన మనిషికి కొబ్బరినీళ్లు పట్టడం మనకు అలవాటు, కానీ మూత్రం ఆగినవారికి అందులోని పొటాషియం చేటు చేస్తుంది. వార్డు గోడ మీద ఈ ఒక్క మాట తమిళంలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెడితే ఎంతో మేలు. భాషకు మాకు ఇబ్బంది కలగలేదు, ఎందుకంటే నెల్లూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చేవారు ఎక్కువ కాబట్టి ప్రతి షిఫ్టులోనూ తెలుగు వచ్చినవారు ఒకరైనా ఉన్నారు. బిల్లు సుమారు 3.4 లక్షల రూపాయలైంది; ప్రతి పద్దూ విడివిడిగా చూపించారు, అడిగినదానికి జవాబు చెప్పారు.

ఇక ఫిర్యాదు. ఇంత జాగ్రత్తగా గుండెనూ కిడ్నీనీ కలిపి చూసిన ఆసుపత్రి, ఇంటికి పంపే రోజున ఆ రెంటినీ విడదీసేసింది. డిశ్చార్జి సారాంశం మూడు పేజీలు. మొదటి పేజీలో జబ్బు పేరు దగ్గర కిడ్నీ గురించే ఉంది. ఎకోలో వచ్చిన 40 మూడో పేజీలో పరీక్షల పట్టికలో ఎక్కడో ఉంది. రెండు వారాల తరువాత కిడ్నీ ఓపీకి రమ్మని తేదీ ఇచ్చారు, గుండె డాక్టరుకు ఎప్పుడు చూపించాలో లేదు. టెల్మిసార్టాన్ ఆపమన్నారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో, అసలు మొదలుపెట్టాలో వద్దో రాయలేదు. నొప్పి మాత్రల ఊసే లేదు. ఆయాసం, కాళ్ల వాపు, హఠాత్తుగా పెరిగే బరువు వంటి హెచ్చరికలు లేవు. మంచం మరొకరికి కావాలని తొందరపెడుతుండగా, ఆ కాగితాలు మొత్తం చదివిన అత్తయ్య, ‘‘అబ్బయా, గుండె సంగతి ఇందులో రాయలేదే’’ అన్నారు. నేను మూడో అంతస్తుకు తిరిగి వెళ్లి అడిగితే, జూనియర్ డాక్టరు ఒకరు సారాంశం అడుగున చేత్తో రెండు పంక్తులు రాసి సంతకం పెట్టారు. అడగడం తెలియని కుటుంబమైతే ఆ రెండు పంక్తులు లేకుండానే సూళ్లూరుపేట బస్సు ఎక్కేది.

ఈ లోటును నేను చిన్నదిగా చూడలేను. కిడ్నీ దెబ్బ తగిలి కోలుకున్నవారికి, ఆ దెబ్బ తగలనివారితో పోలిస్తే, తరువాతి కాలంలో గుండె వైఫల్యం వచ్చే ముప్పు సుమారు 58 శాతం, గుండెపోటు ముప్పు సుమారు 40 శాతం ఎక్కువగా ఉన్నట్లు అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో తేల్చింది. ఇటువంటివారిలో ముందే రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఎక్కువ కాబట్టి ఆ ముప్పు అంతటికీ కిడ్నీ దెబ్బే కారణమని అనలేము; అయినా ఆ రోగిని ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలనడానికి అది చాలు. కిడ్నీ దెబ్బ తగిలినవారిని మూడు నెలలకు తప్పనిసరిగా మళ్లీ పరీక్షించాలని 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. డిశ్చార్జి నాటికి మామయ్య క్రియాటినిన్ 1.9. పైకి ఆయన మామూలుగా నడుస్తున్నారు, ఆకలి వేస్తోంది, దుకాణానికి వెళతానంటున్నారు. ఆ స్థితిలో ఉన్న మనిషికి తన గుండె ఇంకా పూర్తిగా కోలుకోలేదని కాగితమే గుర్తు చేయాలి.

తరువాతి సందర్శనల గురించి క్లుప్తంగా చెబుతాను. రెండు వారాలకు క్రియాటినిన్ 1.5. ఆరు వారాలకు ఎకోలో 52 వచ్చింది. మొదట కిడ్నీ ఓపీ, గుండె ఓపీ వేర్వేరు రోజుల్లో ఇచ్చారు. 80 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే రోగికి ఇది రెండు ప్రయాణాల పని, ఒకదాన్ని మానేయడానికి తగిన సాకు కూడా. అడిగితే మూడో నెలలో ఒకే రోజుకు సర్దారు. ఓపీలో నిరీక్షణ మాత్రం రెండున్నర గంటలు తప్పలేదు. ఆ రోజున క్రియాటినిన్ 1.3, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొద్దిగా పోతోంది. కిడ్నీ డాక్టరు టెల్మిసార్టాన్‌ను తక్కువ మోతాదులో తిరిగి మొదలుపెట్టి, రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూపించమన్నారు. రక్తపోటుకూ, ఆల్బుమిన్ పోకుండా ఆపడానికీ, గుండెకూ ఆ మందు అవసరమేనని, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం దాన్ని ఆపి ఫోన్ చేయాలని ఆయన స్వయంగా ఫైలు మీద రాసి ఇచ్చారు. మోకాళ్లకు పారాసిటమాల్, వ్యాయామం, పై పూత మందు కొద్దిగా, అంతే.

నా ఫిర్యాదుకు వారం లోపల ఫోన్ వచ్చింది. కిడ్నీ దెబ్బతో చేరినవారి డిశ్చార్జి కాగితంలో గుండె పరీక్ష తేదీ, ఆపవలసిన మందులు, తిరిగి మొదలుపెట్టవలసిన మందులు వేర్వేరు గళ్లలో వచ్చేలా మారుస్తామని చెప్పారు. మార్చిన కాగితాన్ని నేను ఇంకా చూడలేదు కాబట్టి దాన్ని మెచ్చుకోలులో కలపడం లేదు. మళ్లీ ఇటువంటి ఆపద వస్తే ఇదే ఆసుపత్రికి వెళతానా అంటే వెళతాను, ఆ మొదటి రాత్రి కోసమే వెళతాను. వెళ్లేవారు పాత క్రియాటినిన్ రిపోర్టు, పాత ఎకో ఉంటే అది, ఇంట్లో వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ, అడగకుండా కొన్న నొప్పి మాత్రల అట్టతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చిందో రిసెప్షన్‌లోనే చెప్పండి. బిల్లు కట్టేముందు గుండె డాక్టరు తేదీ రాయించుకోండి.

మామయ్యకు వచ్చే నెల రెండో మంగళవారం మళ్లీ ఎకో ఉంది. కిడ్నీ ఓపీకి కూడా అదే రోజున సమయం తీసుకున్నాను.